నిప్పురవ్వను పంచిపెట్టు సాధనము

పెట్రోలు ఇంజనులో గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని అంటించుటకు సిలిండరు లోపల ఒక నిప్పురవ్వ పుట్టవలెను. అది పుట్టు తావు స్పార్కు ప్లగ్గు కొనల నడుమ నుండు సందు. సందు వెడల్పు సుమారు 0.6 మిల్లీమీటరులు మాత్రమే. అయినను గట్టిగా నొక్కబడిన వాయువు గుండ రవ్వ దూకవలెనన్న వేలకొలది వోల్టులు కావలెను. కారులో నున్నదా, 12 వోల్టుల బ్యాటరీ! ఆ పండ్రెండు ఇన్ని వేలుగా ఎట్లు మారుచున్నది? మారిన పిమ్మట నాలుగు సిలిండరులలో దేనికి, ఏ క్షణమున రవ్వను పంపవలెనో తేల్చునది ఏది? ఈ రెండు పనులలోను చేయి యున్న చిన్న సాధనమే డిస్ట్రిబ్యూటరు.

దీనిని పరిశీలించుటకు అంబాసిడరు కారు అనుకూలమైనది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో దీనిని తయారుచేసిరి. 2014లో తయారీ ఆగిపోయినను పాత బండ్లను శ్రద్ధతో నడుపుకొనువారు ఇప్పటికిని ఉన్నారు. చాలకాలము దీనిలో అమర్చిన 1489 ఘన సెంటీమీటరుల పెట్రోలు ఇంజనుపై లూకాస్ రకపు డిస్ట్రిబ్యూటరు ఉండును. దాని మూత తీసి చూచినచో లోపల నున్నది పాఠశాలలో చెప్పు విద్యుత్ప్రేరణ పాఠమే.

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలలో ఇండక్షన్ కాయిలు ఉండుట కద్దు. దానిలో లావు తీగెతో కొద్ది చుట్లు, వాటిపై సన్నని తీగెతో వేలకొలది చుట్లు ఉండును. లావు తీగెలోని ప్రవాహమును హఠాత్తుగా తెంచినచో ఇనుప కడ్డీలోని అయస్కాంత క్షేత్రము కూలిపోయి, సన్నని తీగె కొనల నడుమ రవ్వ దూకును. ఐర్లండు దేశీయుడు నికొలాస్ కాలన్ ఇట్టి కాయిలును 1836లో నిర్మించెను. అమెరికాలో చార్లెస్ కెటరింగు ఇదే సూత్రముపై రూపొందించిన బ్యాటరీ జ్వలన పద్ధతి 1910 నాటి కాడిలాక్ కారులలో వచ్చెను. అంబాసిడరులోని కాయిలు కూడ ఈ జాతిదే. ప్రవాహమును తెంచు పని మాత్రము డిస్ట్రిబ్యూటరులోని రెండు లోహపు మొనలది. వీటిని మెకానిక్కులు పాయింట్లు అందురు. కొందరు ప్లాటినం పాయింట్లు అనియు పిలుతురు గాని, నేటి పాయింట్లలో ప్లాటినము లేదు, టంగ్‌స్టను ఉన్నది. పాత పేరు మాత్రము మిగిలినది.

డిస్ట్రిబ్యూటరు నడుమనున్న ఇరుసు ఇంజను వేగములో సగము వేగముతో తిరుగును. దానిపై నాలుగు మూలల దిమ్మ యొకటి ఉండును. దానిని క్యామ్ అందురు. ఒక్కొక్క మూల వచ్చి తాకినప్పుడు పాయింట్లు విడిపోవును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఇరుసు 1500 చుట్లు తిరుగును. పాయింట్లు నిమిషమునకు 6000 పర్యాయములు, అనగా సెకండునకు నూరు పర్యాయములు విడిపోవును. నూరు గంటల ప్రయాణములో ఈ లెక్క 3 కోట్ల 60 లక్షలగును. ఇంత చాకిరీ చేయు వస్తువు అరగకుండునా?

ఇచ్చట కండెన్సరు సంగతి చెప్పవలెను. ప్రవాహము పోవుచున్న కాయిలును తెంచబోయినప్పుడు ఆ ప్రవాహము ఆగుటకు ఒప్పుకొనదు. ఇది స్వయంప్రేరణ. వేగముగా పారు నీటిగొట్టమును తటాలున మూసినచో గొట్టము దడదడలాడుట మనకు తెలిసినదే. అట్లే పాయింట్లు విడివడు క్షణమున వాటి నడుమ రెండు మూడు వందల వోల్టులు లేచి, అచ్చటనే మంట పుట్టి ప్రవాహము కొనసాగజూచును. అట్లు కొనసాగినచో అయస్కాంత క్షేత్రము మెల్లగా తగ్గును; మెల్లగా తగ్గిన క్షేత్రము బలమైన రవ్వ నీయజాలదు. పాయింట్లకు ప్రక్కదారిగా కలిపిన కండెన్సరు ఆ క్షణమున ప్రవాహమును తనలోనికి తీసికొనును. అది నిండులోపల పాయింట్లు తగినంత దూరము విడిపోవును. దీనిని 1853లో సూచించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో. కాంతివేగమును భూమిపైననే కొలిచినవాడు ఈయనయే.

అంబాసిడరు కండెన్సరు విలువ సుమారు 0.2 మైక్రోఫారడు. ఈ విలువ తగిన హద్దులలో లేనిచో ఒక పాయింటుపై గుంట, రెండవదానిపై మొటిమ ఏర్పడును. ఒకదాని లోహము రెండవదానిపైకి పోవుటయే దీనికి కారణము. పాత పాయింట్లను పారవేయుటకు ముందు భూతద్దముతో చూచినచో కండెన్సరు మంచిచెడ్డలు చాలవరకు తెలియును. తోచినట్లు అన్నియు మార్చివేయువారు ఈ సాక్ష్యమును పోగొట్టుకొందురు. అంతేకాదు, బాగుగానున్న పాత కండెన్సరును తీసి నాసిరకపు క్రొత్తదానిని బిగించిన తరువాత బండి కదలక నిలిచిపోవుటయు కలదు.

ఇక మార్చు విధానము. గేరు న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, బ్యాటరీ తీగె నొకదానిని విప్పవలెను. మూతనుండి ప్లగ్గులకు పోవు తీగెలను ఒక్కసారిగా పీకివేయరాదు. ఈ ఇంజనులో రవ్వ పడు క్రమము 1, 3, 4, 2. పైనుండి చూచినప్పుడు రోటరు గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. క్రొత్త మూత పెట్టునప్పుడు ఒక్కొక్క తీగెనే పాతదానినుండి క్రొత్తదానికి మార్చినచో తప్పు జరుగదు. మూత లోపలి గోడపై పెన్సిలుతో గీసినట్లు నల్లని గీత కనబడినచో అది బొగ్గుదారి. పెన్సిలు గీత విద్యుత్తును పోనిచ్చునని విద్యార్థులు చిన్న ప్రయోగముతో చూపగలరు. రవ్వ కూడ ఆ దారినే పట్టి ప్లగ్గునకు పోవుట మానును. ఇట్టి మూతను తుడిచి వాడుట దండుగ.

పాయింట్లు బిగించునప్పుడు ఎక్కువమంది పొరపడు చోటు చిన్న బంధకపు ఉంగరముల వద్ద. కాయిలునుండి వచ్చు తీగెయు కండెన్సరు తీగెయు పాయింటు స్ప్రింగును తాకవలెను గాని, క్రింది పళ్ళెమును తాకరాదు. ఉంగరము తారుమారైనచో ప్రవాహము ఎన్నడును తెగదు, రవ్వయే పుట్టదు. క్రొత్త సామానులో లోపమున్నదని దుకాణదారుని తిట్టుటకు ముందు ఈ ఉంగరములను చూడవలెను.

తరువాత ఇంజనును చేతితో త్రిప్పి, పాయింటు మడమ క్యామ్ మూలపై సరిగా నిలుచునట్లు చేసి, ఫీలరు గేజితో సందును కొలువవలెను. అది 0.35 నుండి 0.40 మిల్లీమీటరు, అనగా 0.014 నుండి 0.016 అంగుళము ఉండవలెను. మొటిమ యున్న పాత పాయింట్ల మధ్య గేజి పెట్టినచో లెక్క తప్పును, ఏలయన గేజి మొటిమను తాకి ఆగిపోవును గాని గుంట లోతును ఎరుగదు.

ఈ సందు ఎందుకింత ముఖ్యము? క్యామ్ యొక్క ప్రతి 90 డిగ్రీలలో పాయింట్లు సుమారు 60 డిగ్రీలు కలిసియుండును. పై వేగములో అది సెకండులో 150వ వంతు. ఆ కొద్ది కాలములోనే కాయిలులో ప్రవాహము పెరుగవలెను, స్వయంప్రేరణ దానిని వెంటనే పెరుగనీయదు. సందు మరీ పెద్దదైనచో కలిసియుండు కాలము తగ్గి, వేగమెక్కువైనప్పుడు రవ్వ నీరసించును. సందు చిన్నదైనచో పాయింట్లు కాలిపోవును. పైగా అవి ఆలస్యముగా విడివడుటచే రవ్వయు ఆలస్యమగును. ఆలస్యపు రవ్వతో ఇంజను లాగుబడి తగ్గును, వేడెక్కును.

కావుననే సందు సరిచూచిన పిదపనే టైమింగు చూడవలెను. ముందు టైమింగు సరిచేసి తరువాత సందు మార్చినచో మొదటి శ్రమ వ్యర్థము. టైమింగునకు 12 వోల్టుల చిన్న బల్బు చాలును. మొదటి సిలిండరు మంట పడు వంతునకు వచ్చునట్లు ఇంజనును త్రిప్పి, ఇంజను పుస్తకములో చెప్పిన గుర్తువద్ద నిలిపి, బ్యాటరీ తీగెను మరల కలిపి, పాయింట్ల తీగెకును ఇంజను లోహమునకును నడుమ బల్బును కలిపి, తాళము త్రిప్పవలెను. పాయింట్లు కలిసియున్నంతవరకు బల్బు వెలుగదు. డిస్ట్రిబ్యూటరును మెల్లగా, రోటరు తిరుగు దిక్కునకు ఎదురుగా జరుపుచుండగా పాయింట్లు విడిన క్షణముననే బల్బు వెలుగును. అచ్చటనే బిగించవలెను. పని అయిన వెంటనే తాళము తీసివేయవలెను; పాయింట్లు కలిసియుండగా తాళము వేసి మరచినచో నాలుగు ఆంపియరుల వరకు ప్రవాహము ఎడతెగక పోయి కాయిలు మాడును.

క్యామ్‌పై కొద్దిగా గ్రీజు రాయవలెను, రోటరు క్రింద ఒకటి రెండు నూనెచుక్కలు వేయవలెను. అంతకు మించినచో నూనె పాయింట్లపైకి చేరి మాడి నల్లబడును. క్రొత్త పాయింటు మడమ మొదటి కొద్ది వందల కిలోమీటరులలో ఎక్కువగా అరిగి సర్దుకొనును. సందు ఆ మేరకు తగ్గును. కాబట్టి సుమారు వేయి కిలోమీటరులు నడచిన పిమ్మట మూత మరల విప్పి, సందును, దాని వెంట టైమింగును ఇంకొకసారి చూచుకొనవలెను.