చరిత్రలో పీహెచ్‌డీ: ఫెలోషిప్ లెక్క ముందే వేసుకోండి

ఎంఏ చరిత్ర చివరి సెమిస్టర్‌లో ఉన్న పిల్లలు మా దగ్గరికి వచ్చి మొదట అడిగేది పరిశోధనాంశం గురించి కాదు. "ఇంట్లో ఏం చెప్పమంటారు సార్? అన్నేళ్లు ఎలా గడుస్తాయి?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం.

యూజీసీ నెట్ పరీక్షలో పై మార్కులు తెచ్చుకున్నవారికి దక్కేది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వాడుకలో జేఆర్‌ఎఫ్. అంటే పరిశోధన చేసుకునేందుకు ఇచ్చే నెలసరి భృతి. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పని బాగుందని కమిటీ ఒప్పుకుంటే తర్వాతి మూడేళ్లు 42,000. అంతా కూడితే ఐదేళ్లకు 24 లక్షలు. హాస్టల్ తీసుకోకపోతే ఊరిని బట్టి ఇంటి అద్దె భత్యం అదనం. హాస్టల్లో ఉండి పొదుపుగా నడుపుకుంటే ఇంటికీ కొంత పంపవచ్చు. అయితే భృతి ప్రతినెలా ఒకటో తారీఖున పడుతుందన్న ధీమా వద్దు. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి.

చాలామంది చూడని అంకె ఇంకొకటుంది. పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు (మహిళలకు మరో రెండేళ్లు పెంచే వీలుంది), ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లే. సిద్ధాంత గ్రంథం రాసి, దిద్ది, సమర్పించే ఆ చివరి ఏడాదే చేతిలో పైసా ఆడదు. రెండో ఏడాది నుంచి నెలకు 5,000 పక్కన పెడుతూ వస్తే నాలుగేళ్లలో 2,40,000 అవుతుంది. ఆరో ఏడాదిలో నెలకు 20,000 అన్నమాట.

ఇక కంటింజెన్సీ. పుస్తకాలు, జిరాక్సులు, ప్రయాణాల వంటి పరిశోధన ఖర్చులకు విడిగా ఇచ్చే సొమ్ము ఇది. చరిత్ర వంటి శాఖల వారికి మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500. పదివేలంటే రోజుకు 27 రూపాయలు. చెన్నైలో రోజుకు 800 చొప్పున గది తీసుకుని రెండు వారాలుంటే గది అద్దె ఒక్కటే 11,200. ఏడాది కంటింజెన్సీ అక్కడే చెల్లు. కాబట్టి మీ అంశానికి కావలసిన దస్త్రాలు ఏ ఊళ్లో ఉన్నాయో తెలియకుండా అంశం ఖాయం చేసుకోకండి.

అవి ఎక్కడుంటాయంటారా? కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి గనుక ఈస్టిండియా కంపెనీ కాలపు రెవెన్యూ బోర్డు రికార్డులను చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాలి. నిజాం ప్రభుత్వ దస్త్రాలకు హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అక్కడ పారసీ, ఉర్దూ రాకపోతే సగం తలుపులు తెరుచుకోవు. చేరాక నేర్చుకుందామంటే మొదటి ఏడాది దానికే పోతుంది, ఎంఏలో ఉండగానే మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే అంశం ఎంత ఉండాలన్న దానికి వద్దాం. "ఆంధ్రలో కరువులు" మీద చేస్తానని ఒకరు వచ్చారనుకోండి. చేతిరాత రికార్డుల వాల్యూమ్ ఒకటి 400 పేజీలు ఉందనుకుందాం. పాత ఇంగ్లిషు దస్తూరీ చదువుతూ, నోట్సు రాసుకుంటూ రోజుకు 40 పేజీలు కదిలితే గొప్ప. అంటే వాల్యూమ్‌కు పది పనిదినాలు. ముప్పై వాల్యూములైతే 300 రోజులు, సెలవులు కలిపితే ఏడాది దాటిపోతుంది. కరువులన్నీ చదవాలంటే ఫెలోషిప్ ఏ మూలకూ సరిపోదు.

అదే అంశాన్ని 1832-33 నాటి గుంటూరు కరువుకు కుదించి చూడండి. జిల్లా జనాభాలో దాదాపు మూడో వంతును ఆ కరువు పొట్టన పెట్టుకుందని అంచనా. ఆ రెండేళ్లలో కలెక్టరుకూ రెవెన్యూ బోర్డుకూ మధ్య నడిచిన ఉత్తరాల్లో శిస్తు మాఫీ ఎవరు అడిగారు, ఎవరికి దక్కింది? ఇది ప్రశ్న. దీనికి చదవాల్సిన కాగితం ఎంతో అంచనా వేయగలం. ఇంత చిన్నదైతే విలువ తగ్గదా అని సందేహం రావచ్చు. 1965లో వచ్చిన రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ పుస్తకం ఒక్క గుంటూరు జిల్లా మీదే, అదీ 1788 నుంచి 1848 వరకే. కంపెనీ పాలన కింది ఉద్యోగుల చేతుల్లో ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే ఈనాటికీ దాన్ని తెరవాల్సిందే.

తెలుగు మీడియం వాళ్లం, మాకు సాధ్యమేనా అని అడిగేవారికి నేను దాచకుండా చెబుతాను. నెట్ చరిత్ర ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. 150 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. తప్పుకు మార్కులు కోయరు గనుక ఏదీ వదలకండి. ఇంగ్లిషు చదివే వేగమే అక్కడి అడ్డంకి, అది ఆరేడు నెలల సాధనతో దాటగలిగిందే. పరీక్ష దాటాక బలం మీవైపే ఉంటుంది. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ చరిత్రలు, అంటే కైఫీయతులు, తెలుగులోనే ఉన్నాయి. వాటిలోని కరణాల భాషను నిఘంటువు లేకుండా పట్టుకోగలవారు దేశవిదేశాల పరిశోధకుల్లో ఎంతమంది?

జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, క్రీమీలేయర్ కాని ఓబీసీ అభ్యర్థులకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు. జేఆర్‌ఎఫ్ రాకపోతే కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000 ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. జేఆర్‌ఎఫ్‌లో నాలుగో వంతు కూడా కాదు. భారతీయ చరిత్ర పరిశోధన మండలి ఇచ్చే ఫెలోషిప్‌లకూ దరఖాస్తు పెట్టండి. మీ కాగితాలు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంటే చార్లెస్ వాలెస్ ట్రస్టు స్వల్పకాలిక సాయం ఉంది. దానికి పీహెచ్‌డీ సగం నడిచాక ప్రయత్నించడమే మేలు, ఏ దస్త్రం అడగాలో అప్పటికి తెలుస్తుంది.

ఆర్కైవ్స్‌కు మొదటిసారి వెళ్లేటప్పుడు గైడు సంతకం చేసిన పరిచయ పత్రం, గుర్తింపు కార్డు, పెన్సిళ్లు పట్టుకెళ్లండి. ఫోనుతో ఫొటోలు తీయనిస్తారో లేదో, పేజీకి ఎంతో బయల్దేరే ముందే కనుక్కోండి. మీరు ఎన్ని రోజులు ఉండాలో తేల్చేది అదే.