పెరట్లో ఒక సంవత్సరం: బస్తరు కూరగాయల లెక్క

గత పాఠంలో మొక్కకు నీరు, వేడి, వెలుతురు ఎందుకు అవసరమో చెప్పుకున్నాం. ఈసారి వాటిని ఒక చిన్న రైతు పెరట్లో చూద్దాం. ఆ పెరడు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో, బస్తరు ప్రాంతంలో ఉంది. భద్రాచలం నుంచి కుంట దాటి ఉత్తరంగా వెళ్తే అక్కడికి చేరతాం. కుంట, భోపాలపట్నం వైపు తెలుగు ఇంకా వినబడుతుంది. జగదల్‌పూర్ వచ్చేసరికి సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తులో ఉంటాం. ఏడాదికి 1,300 మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలల సంగతేమిటన్నదే ఈ పాఠం.

బస్తరు రైతు తన భూమిని ఎత్తును బట్టి నాలుగు పేర్లతో పిలుస్తాడు. అన్నిటికన్నా మెరకన ఉన్నది మర్హాన్, తర్వాత టిక్రా, మాల్, అడుగున నీరు నిలిచేది గభార్. గభార్‌లో వరి వేస్తారు, మెరక మీద అరికెలు, సామలు వంటివి చల్లుతారు. ఇవిగాక ఇంటి చుట్టూ కంచె కట్టిన జాగా ఒకటి ఉంటుంది. దాన్ని బాడీ అంటారు. మన పెరడే అనుకోండి. అక్కడి మెరక నేలలు ఎక్కువగా ఎర్రవి, ఆమ్లగుణం కలవి. బాడీ నేల మాత్రం వేరుగా ఉంటుంది. ఏళ్ల తరబడి పశువుల పేడ, ఇంటి చెత్త, పొయ్యిలోని బూడిద అందులో పడతాయి. బూడిదకు క్షారగుణం ఉంది కనుక నేలలోని ఆమ్లతను కొంత తగ్గిస్తుంది, పొటాషియం కూడా ఇస్తుంది. ఎరువుల బస్తా కొనకుండానే ఇంత పని జరుగుతోందని గమనించండి.

తొలకరి పడగానే బాడీలో మొక్కజొన్న విత్తుతారు. దాని పక్కనే దోస, బీర, గుమ్మడి, చిక్కుడు. ఆగస్టులో పచ్చి కండెలు చేతికి వస్తాయి. పాత ధాన్యం అయిపోయి, కొత్త వరి ఇంకా కోతకు రాని రోజులవి. ఆ నెలల్లో బాడీ లేని ఇంటికీ, ఉన్న ఇంటికీ తేడా గంజి దగ్గరే తెలుస్తుంది.

ఇప్పుడు చిక్కుడు పాదు సంగతి చూద్దాం. జూన్‌లో విత్తిన నాటు చిక్కుడు వానంతా తీగ సాగుతుంది, ఆకులు వేస్తుంది, కానీ పూత రాదు. కొత్తగా సాగు మొదలుపెట్టినవారు విత్తనం మంచిది కాదేమో అనుకుని పాదు పీకేస్తారు కూడా. నవంబరు దగ్గరపడేసరికి అదే పాదు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. కారణం పగటి పొడవు. జగదల్‌పూర్ ఉన్న 19 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ నెలాఖరున పగలు 13 గంటలకు పైగా ఉంటుంది, డిసెంబరు నెలాఖరున సుమారు 11 గంటలే. మొక్క నిజానికి కొలిచేది రాత్రిని. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఎడతెగని చీకటి ఎంతసేపు ఉందో పసిగడుతుంది. రాత్రి తగినంత పొడవైతేనే పూమొగ్గకు సంకేతం వెళ్తుంది. అందుకే ఇలాంటి వాటిని హ్రస్వ దినపు మొక్కలు అంటాం. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ రకాలకు ఈ పట్టింపు లేదు. అవి ఏ కాలంలో విత్తినా పూస్తాయి. అయితే కంచె మీదికి పాకి నెలల తరబడి కాసే గుణం నాటు పాదుదే. రెండూ ఉండటం మేలని నా అభిప్రాయం.

వానకాలంలో టమాట, వంగ వేసినవారికి మరో కష్టం ఎదురవుతుంది. నిన్న నిగనిగలాడిన మొక్క ఆకు పసుపు పడకుండానే ఇవాళ వాడిపోతుంది. ఇది బాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా వేళ్ల గుండా చొరబడి నీరు ప్రవహించే నాళాలను మూసేస్తుంది. తడి, వెచ్చదనం, ఆమ్ల నేల కలిసిన చోట దీనికి పండగే. గుర్తుపట్టే ఉపాయం సులభం. కాండాన్ని అడ్డంగా కోసి, ముక్కను గాజు గ్లాసులోని మంచినీళ్లలో వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో పాల వంటి సన్నని ధార కిందికి దిగితే అనుమానం తీరినట్లే. నేలలో ఉన్న ఈ బాక్టీరియాను మందు చల్లి చంపడం దాదాపు అసాధ్యం. ఉస్తికాయ వంటి అడవి వంగ జాతుల వేరుపై టమాటనో, వంగనో అంటు కడితే తెగులు బెడద బాగా తగ్గుతుంది. ఎత్తు మడులు, మురుగు కాలువలు కూడా తోడ్పడతాయి.

చలికాలం టమాటకు అనువైనది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే పుప్పొడి చక్కగా పనిచేసి పిందె నిలుస్తుంది. అయితే అందరి తోటలూ ఒకేసారి కాస్తాయి. సంతలో గంపలు నిండుతాయి, ధర పడిపోతుంది. ఇది బస్తరుకే పరిమితం కాదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాట రూ.150 దాటింది. ఆ ధర చూసి నాటినవారి పంట వచ్చేసరికి, సెప్టెంబరులో, రాయలసీమ మార్కెట్లలో కిలో రూ.10 కూడా పలకలేదు. మొక్కకు అనుకూలమైన కాలం రైతుకు అనుకూలం కాకపోవచ్చు. పైగా వరి కోత అయ్యాక పశువులను మేతకు వదిలేస్తారు. కంచె గట్టిగా లేకపోతే పంట వాటి పాలే.

వేసవికి వద్దాం. ఒక చిన్న లెక్క వేయండి. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. 10 సెంట్ల మడి దాదాపు 400 చదరపు మీటర్లు. డిసెంబరులో రోజుకు 3 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే 1,200 లీటర్లు. మే నెలలో ఎండ, వేడి గాలి వల్ల 7 మిల్లీమీటర్లు అనుకుంటే 2,800 లీటర్లు. 15 లీటర్ల బిందెతో మోస్తే చలికాలంలో 80 బిందెలు, మే నెలలో 187. ఆ బిందె ఎవరి నెత్తిన ఉంటుందో మీకు తెలుసు. అప్పటికి బావిలో నీరూ అడుగంటుతుంది. మోయడానికి కండబలం ఉన్నా తోడడానికి నీరుండదు.

వరి కోతల తర్వాత నీటి వసతి లేని ఇంటికి చేను పని ఇవ్వదు. జనవరి నుంచి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల మిరప తోటల్లో కాయ కోతకు వచ్చే కూలీల్లో బీజాపూర్, సుక్మా జిల్లాల వారు ఎందరో ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. కోతలు ముగిసి వారు తిరిగి వెళ్లేసరికి బాడీ ఎండి ఉంటుంది. అందుకే పదెకరాల పథకం కన్నా, ఇంటి పక్క 2 సెంట్లకు ఏప్రిల్ దాకా తడి అందించే చిన్న కుంట ముందు కావాలంటాను. అంట్లు తోమిన నీటిని అరటి, మునగ మొదళ్లకు మళ్లిస్తే మరికొంత కలిసివస్తుంది.

సంతలో ధర లేని రోజున మిగిలే టమాటకు, వంకాయకు మన ఇళ్లలోలాగే అక్కడా ఎండే గతి. టమాటలో 94 శాతం నీరే. 10 కిలోల కాయల్లో గట్టి పదార్థం 600 గ్రాములు. పదోవంతు తేమ మిగిలేలా ఎండబెడితే సుమారు 670 గ్రాముల వరుగులు వస్తాయి. తేమ తక్కువైతే బూజు పెరగలేదు. ఫిబ్రవరిలో డబ్బాకెత్తినవి తొలకరి దాకా నిలుస్తాయి. ఈ వారం మీరూ ఒక కిలో కాయలు కోసి, తూచి, ఎండబెట్టి, రోజూ ఒకే వేళకు బరువు రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతో గ్రాఫు గీద్దాం.