ల్యాప్‌టాప్‌లో వైర్‌లెస్ నెట్‌వర్కు కార్డు

వైర్‌లెస్ నెట్‌వర్కు కార్డు అనునది తీగతో పని లేకుండా రేడియో తరంగముల ద్వారా కంప్యూటరును నెట్‌వర్కుతో కలుపు పరికరము. వాడుకలో దీనిని వై-ఫై కార్డు అందురు. ల్యాప్‌టాప్‌లలో ఇది సాధారణముగా అడుగు మూత క్రింద చిన్న పలక రూపమున ఉండును. దీనికి తగులుకొని ఉండు రెండు సన్నని తీగలు తెర చుట్టూ అమర్చిన యాంటెనాల నుండి వచ్చును.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును ముగించినది. విండోస్ 11కు తగని పాత ల్యాప్‌టాప్‌లలో లినక్సును స్థాపించుకొనువారికి ముందుగా ఎదురగు చిక్కు తరచుగా ఈ కార్డుదే. యంత్రము చక్కగా నడచును గాని వై-ఫై గుర్తు కనబడదు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటల వంటి చోట్ల (2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలోనివి) విడిభాగము కొరకు విజయవాడ పోవలసి వచ్చును. అది నందిగామకు సుమారు 50, జగ్గయ్యపేటకు సుమారు 75 కిలోమీటర్ల దూరము. కావున కార్డు నిజముగా చెడినదా, లేక దానికి కావలసిన సాఫ్ట్‌వేరు మాత్రమే లేదా అన్నది ముందు తేల్చుకొనుట మేలు.

చరిత్ర

ఈ కార్డులు పాటించు 802.11 ప్రమాణము 1997లో వెలువడినది. 1999లో వచ్చిన 802.11బి సెకనుకు 11 మెగాబిట్లు, 2003లో వచ్చిన 802.11జి 54 మెగాబిట్లు గరిష్ఠ వేగముగా నిర్ణయించినవి. తొలుత కార్డును ల్యాప్‌టాప్ ప్రక్కనున్న గాడిలో దూర్చెడివారు. 2003 మార్చిలో ఇంటెల్ తన సెంట్రినో ల్యాప్‌టాప్‌లను విడుదల చేసిన పిదప కార్డు లోపలనే ఉండుట సాధారణమైనది. భారతదేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005 జనవరిలో, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాల భాగమును 2018 అక్టోబరులో లైసెన్సు అవసరము లేకుండా వాడుకొనుటకు కేంద్ర ప్రభుత్వము అనుమతించినది.

కార్డును గుర్తించుట

ల్యాప్‌టాప్ మీద ఉన్న పేరు కార్డు పేరు కాదు. ఒకే మోడలు ల్యాప్‌టాప్‌లలో ఒకదానిలో ఇంటెల్, మరొకదానిలో బ్రాడ్‌కామ్, వేరొకదానిలో రియల్‌టెక్ చిప్పు ఉండవచ్చును. డ్రైవరు చిప్పును బట్టి ఉండును గాని ల్యాప్‌టాప్‌ను బట్టి కాదు.

లినక్సులో టెర్మినల్ తెరచి ఎల్ఎస్‌పిసిఐ అను ఆదేశమును ఇంగ్లీషు చిన్న అక్షరములతో, ఎడము లేకుండా టైపు చేసినచో లోపలి పరికరముల జాబితా వచ్చును. దాని తరువాత ఎడమిచ్చి, అడ్డగీత, వెంటనే రెండు ఎన్ అక్షరములు చేర్చినచో ప్రతి పరికరమునకు గుర్తింపు సంఖ్యలు కూడా కనబడును. మొదటి సంఖ్య తయారీదారుది, రెండవది చిప్పుది. ఇంటెల్ వారి సంఖ్య 8086. ఆ సంస్థ పేరుపొందిన ప్రాసెసరు పేరు కూడా అదే. యుఎస్‌బి ద్వారా తగిలించిన కార్డులకు ఎల్ఎస్‌యుఎస్‌బి అను ఆదేశము వాడవలెను. విండోస్‌లోనైతే ఇవే సంఖ్యలు డివైస్ మేనేజరులో ఆ పరికరపు వివరములలో హార్డ్‌వేర్ ఐడి అను చోట దొరకును.

జాబితాలో కార్డు పేరు వచ్చినచో అది పూర్తిగా కాలిపోలేదని తెలియవచ్చును. ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌ను చూచి, బాగుచేయువారు కార్డు పోయినదని చెప్పిరి. ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టుకొనుటకు అతనికి రెండు రోజుల గడువు మాత్రమే ఉండెను. జాబితాలో చూడగా బ్రాడ్‌కామ్ చిప్పు పేరు స్పష్టముగా ఉన్నది. లేనిది డ్రైవరు మాత్రమే. ఆ సాయంత్రమే వై-ఫై పనిచేసినది, కొత్త కార్డు ఖర్చు తప్పినది.

కార్డు కనబడియు పనిచేయనప్పుడు ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అను ఆదేశము ఇచ్చి చూడవలెను. సాఫ్ట్ బ్లాక్ ఉన్నచో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అను ఆదేశముతో తొలగును. హార్డ్ బ్లాక్ ఉన్నచో ల్యాప్‌టాప్ అంచున ఉండు చిన్న మీటను గాని, ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కు యాంటెనా బొమ్మ గల మీటను గాని వెదకవలెను. పాత ల్యాప్‌టాప్‌లను సంచిలో పెట్టునప్పుడు ఆ అంచు మీట తెలియకుండానే జరిగిపోవుట కద్దు.

ఫర్మ్‌వేర్ చిక్కు

కార్డు లోపల కూడ ఒక చిన్న ప్రోగ్రాము నడువవలెను. దీనిని ఫర్మ్‌వేర్ అందురు. చాల కార్డులలో ఇది శాశ్వతముగా ఉండదు. కంప్యూటరు ఆన్ చేసిన ప్రతిసారి డ్రైవరు దానిని కార్డులోనికి పంపవలెను. బ్రాడ్‌కామ్ సంస్థ తన పాత చిప్పుల వివరములను బయటపెట్టలేదు. ఔత్సాహికులు ఆ చిప్పుల నడకను పరిశీలించి వ్రాసిన డ్రైవరు 2006లో వెలువడిన లినక్సు 2.6.17లో చేరినది. అయినను ఫర్మ్‌వేరును పంచిపెట్టుటకు అనుమతి లేనందున వాడుకదారుడే విండోస్ డ్రైవరు నుండి దానిని కత్తిరించి తీసుకొనవలసి వచ్చెడిది. 2010 సెప్టెంబరులో మాత్రమే ఆ సంస్థ కొన్ని కొత్త చిప్పులకు స్వేచ్ఛా డ్రైవరును విడుదల చేసినది.

ఇందుండి ఒక వింత చిక్కు పుట్టును: ఇంటర్నెట్ రావలెనన్న ఫర్మ్‌వేర్ కావలెను, ఫర్మ్‌వేర్ కావలెనన్న ఇంటర్నెట్ రావలెను. దీనికి సులభమైన మార్గము చేతిఫోను. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగు తీగతోనే ల్యాప్‌టాప్‌నకు తగిలించి (తీగ డేటా పంపగలదై ఉండవలెను), ఫోను సెట్టింగులలో యుఎస్‌బి టెథరింగు ఆన్ చేసినచో లినక్సు సాధారణముగా దానిని తీగ నెట్‌వర్కుగా భావించి వెంటనే అనుసంధానమగును. అటుపిమ్మట ఉబుంటులో అదనపు డ్రైవర్లు అను చోట చూపిన దానిని ఎంచుకొనినచో చాలును. డెబియన్‌లో 2023 జూన్‌లో వెలువడిన 12వ రూపము నుండి స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేరులు స్థాపన డిస్కులోనే చేర్చుచున్నారు. అయినను పాత బ్రాడ్‌కామ్ చిప్పులకు విడిగా దించుకొనుట తప్పదు.

బ్రాడ్‌కామ్ 43142 వంటి చిప్పులకు ఆ సంస్థ మూసిపెట్టిన డ్రైవరే గతి. ఇది కెర్నల్ మారినప్పుడెల్ల తిరిగి తయారు కావలెను. కెర్నల్ హెడర్లు లేనిచో నవీకరణ జరిగిన మరునాడు వై-ఫై మాయమగును. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నచో సంతకము లేని ఇట్టి డ్రైవరును యంత్రము తిరస్కరించును.

కార్డు మార్చునప్పుడు

నిజముగానే చెడినచో కొత్త కార్డు కొనుటకు ముందు గాడి రకమును చూడవలెను. పాతవానిలో మినీ పిసిఐ ఎక్స్‌ప్రెస్, కొత్తవానిలో ఎం.2 గాడి ఉండును. ఇంటెల్ వారి సిఎన్‌విఐ రకపు కార్డులు ఎం.2 గాడిలో కూర్చున్నను, తగిన ఇంటెల్ చిప్‌సెట్ లేని ల్యాప్‌టాప్‌లో పనిచేయవు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్ తమ జాబితాలో లేని కార్డును చూచి అసలు ప్రారంభమే కాదు. విప్పుటకు ముందు బ్యాటరీ తొలగించవలెను. యాంటెనా తీగల చివరి గుండీలను గోటితో నిటారుగా పైకి ఎత్తవలెను గాని లాగరాదు. ఇంత శ్రమ వద్దనుకొనువారికి యుఎస్‌బి కార్డు చాలును. ఒకే పేరుతో అమ్ముడగు కార్డులలో రూపాంతరమును బట్టి చిప్పు మారుచుండును కనుక కొనునప్పుడు పెట్టె మీది రూపాంతర సంఖ్యను చూడవలెను.

నెట్‌వర్కు కనబడనిచో

802.11జి వంటి పాత కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మాత్రమే వినగలవు. ఇంటి రౌటరు 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ప్రసరించుచున్నచో ఫోనులో కనబడిన పేరు ల్యాప్‌టాప్‌లో కనబడదు. భారతదేశమున 13వ చానెల్ వాడవచ్చును గాని, అమెరికా కొరకు అమర్చిన కార్డులు సాధారణముగా 11 వరకే వెదకును. రౌటరును 1, 6, 11 చానెళ్ళలో ఒకదానికి మార్చినచో సరిపోవును.

పేరు కనబడియు కలియనిచో రౌటరు డబ్ల్యుపిఎ3 భద్రతను మాత్రమే అనుమతించుచున్నదేమో చూడవలెను. 2018లో వచ్చిన ఈ పద్ధతి పాత కార్డులకు సాధారణముగా రాదు. డబ్ల్యుపిఎ2ను కూడ అనుమతించినచో చాలును. అంతకు పూర్వపు డబ్ల్యుఇపిని మాత్రము ఎన్నుకొనరాదు. దాని లోపము 2001లోనే బయటపడినది.

తెలుగులో టైపు చేయువారికి మరొక తంటా కలదు. కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో ఉండగా సంకేతపదము కొట్టినచో తెర మీద చుక్కలే కనబడును గనుక అవి తెలుగు అక్షరములని తెలియదు. కార్డును నిందించుటకు ముందు సంకేతపదమును చూపు కన్ను గుర్తును ఒకసారి నొక్కి చూడవలెను.