సరంగు లేని చెత్త పడవ

2018 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు నుంచి 600 మీటర్ల పొడవైన ప్లాస్టిక్ గొట్టం ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోకి బయల్దేరింది. దాని కింద 3 మీటర్ల లోతున తెర వేలాడుతూ ఉంది. ఇంజన్ లేదు, నడిపే మనిషి లేడు. గాలీ కెరటాలూ నెడుతుంటే గొట్టం విల్లులా వంగి, ఎదురైన ప్లాస్టిక్‌ని తన ఒడిలోకి పోగేసుకోవాలి. నిండాక ఓడ వచ్చి ఎత్తుకుపోవాలి. ‘ది ఓషన్ క్లీనప్’ సంస్థ ఆలోచన అది. ఆ సంస్థను స్థాపించిన డచ్ యువకుడు బోయన్ స్లాట్‌కి అప్పటికి 24 ఏళ్లు.

ప్లాస్టిక్ ఒడిలోకి వచ్చింది గానీ నిలవలేదు. గొట్టం ఒక్కోసారి చెత్త కన్నా నెమ్మదిగా, ఒక్కోసారి దాంతో సమానంగా కొట్టుకుపోతోంది. రెండిటి వేగమూ ఒకటైనప్పుడు పట్టుకునేది ఎవరు, పట్టుబడేది ఎవరు? వచ్చిన సీసాలు వచ్చినట్టే బయటికి పోయాయి. ఆ ఏడాది చివరికి గొట్టం కొసన 18 మీటర్ల ముక్క ఊడిపోవడంతో దాన్ని హవాయికి లాక్కొచ్చారు. 2019లో పారాచూట్ లాంటి లంగరు కట్టి, దాని వేగం ఎప్పుడూ చెత్త కన్నా తక్కువగానే ఉండేలా చేశాక గానీ చెత్త నిలవలేదు. 2021లో మొదలుపెట్టిన పద్ధతిలో పొడవాటి వలను చెరో కొసనా ఓ ఓడ పట్టుకుని లాగుతుంది. ఆ ఓడల్లో సిబ్బంది ఉంటారు, ఇంధనం కాలుతుంది. మనుషులు లేకుండా మొదలైన పని మళ్లీ మనుషుల చేతికే వచ్చింది.

తనంతట తాను నడిచే చెత్త పడవ గురించి ఆలోచించేవాళ్లందరూ ఈ కథ తెలుసుకోవాలి. పడవకు దారి చూపడం ఈ రోజుల్లో అంత కష్టం కాదు. జీపీఎస్ ఉంది, దిక్సూచి చిప్ ఉంది, ఎటు ఎంత ఒరిగిందో చెప్పే సెన్సర్ ఉంది. ఫోన్‌లో పటం మీద గీత గీస్తే ఆ గీత వెంట పోయే పడవను ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా చేయగలరు. అసలు చిక్కంతా నీటితో, చెత్తతో, చోటుతో.

ముందు చోటు సంగతి చూద్దాం. కాలిఫోర్నియాకూ హవాయికీ మధ్య పసిఫిక్‌లో పేరుకున్న చెత్త ప్రాంతం విస్తీర్ణం దాదాపు 16 లక్షల చదరపు కిలోమీటర్లనీ, అందులో సుమారు 79 వేల టన్నుల ప్లాస్టిక్ తేలుతోందనీ 2018లో ఒక పరిశోధన అంచనా వేసింది. వినడానికి కొండంత. భాగించి చూస్తే చదరపు కిలోమీటరుకు 50 కిలోలు కూడా లేదు. ఇప్పుడొక చిన్న పడవను ఊహించండి. దాని నోరు మీటరు వెడల్పు, వేగం సెకనుకు ఒక మీటరు, రోజుకు 8 గంటల పని. ఆ రోజంతా అది ఊడ్చేది 28,800 చదరపు మీటర్లు, అంటే సుమారు ఏడెకరాలు. అక్కడ దానికి దొరికేది ఒకటిన్నర కిలోల లోపు. పైగా ఆ ప్రాంతపు బరువులో దాదాపు సగం చేపల వలలదే. ఆ పెద్ద వలలను చిన్న పడవ లాగలేదు సరికదా, వాటిలో తనే చిక్కుకుంటుంది. నడిసముద్రం ఈ పడవల చోటు కాదని నేను గట్టిగా అనేది ఈ లెక్క చూశాకే.

వీటి చోటు రేవులు, చెరువులు, నదుల మొగలు. అక్కడ చెత్తే వెతుక్కుంటూ పడవ దగ్గరికి వస్తుంది. విశాఖలో వానపడితే గెడ్డలు ఏం మోసుకొస్తాయో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. మొగ దగ్గరే పట్టుకోవాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెత్తంతా తేలదు. సముద్రపు నీరు లీటరు 1.025 కిలోల బరువు తూగుతుంది. క్యారీబ్యాగులు, సీసా మూతలు, తాళ్లు చేసే పాలిథీన్, పాలీప్రొపిలీన్ దానికన్నా తేలిక. నీళ్ల సీసా చేసే పెట్ ప్లాస్టిక్ మాత్రం బరువు, దాని సాంద్రత 1.38. మూత బిగించి లోపల గాలి ఉన్నంతసేపే సీసా తేలుతుంది. మూత ఊడి నీళ్లు నిండితే అడుక్కి పోతుంది. తేలేవాటికి కూడా నాచు, పెంకు జీవులు అంటుకుని బరువెక్కితే మునిగిపోతాయి. ఆలస్యమయ్యేకొద్దీ పడవకు దొరికేది తగ్గిపోతుంది.

తప్పించుకున్నది ఎటు పోతుంది? మన తూర్పు తీరం వెంబడి సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి కొన్ని నెలలపాటు ఉత్తరానికి, అక్టోబరు నుంచి ఏడాది చివరి దాకా దక్షిణానికి పోతుంది. విశాఖలో జారిన సీసా కాలాన్ని బట్టి ఒడిశా వైపో, కాకినాడ దాటి ఇంకా కిందికో పోవచ్చు. ప్రవాహాలు, కెరటాలు ఎలా ఉండబోతున్నాయో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ రోజూ చెబుతూనే ఉంది. చేపలు దొరికే చోట్లు మత్స్యకారులకు తెలిపేది కూడా ఆ సంస్థే. ఆ సమాచారం పడవ కంప్యూటర్‌కి అందితే బయల్దేరే ముందే ఎటు వెళ్లాలో దానికి తెలుస్తుంది.

నీటి మీద కూడా చెత్త సమంగా పరుచుకుని ఉండదు. గాలి వీచే దిశలో నురగ, నాచు పొడవాటి చారలుగా బారులు తీరడం వేటకు వెళ్లేవాళ్లు నిత్యం చూసేదే. అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1927లో అట్లాంటిక్ మీద ఓడలో పోతూ ఈ చారలను గమనించి, తర్వాత ప్రయోగాలు చేసి 1938లో కారణం చెప్పాడు. గాలి వల్ల పైపొర నీరు జంట సుడులుగా పొర్లుతుంది. రెండు సుడులు కలిసి కిందికి దిగే చోట తేలేవన్నీ గీత గీసినట్టు పోగవుతాయి. రేవులోనైతే గాలి నెట్టే మూలకు చేరతాయి. చాలా పడవలకు రాసే ప్రోగ్రాం దుక్కి దున్నినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు వరసగా తిరగమంటుంది. ఖాళీ నీటి మీద బ్యాటరీ ఖర్చు చేయడమే అది. గాలి దిక్కు చూసి మూలకు పోయే పడవ సగం ఖర్చుతో ఎక్కువ తెస్తుందని నా నమ్మకం.

ఇక ఒడ్డూ పొడవూ. రోటర్‌డ్యామ్‌లోని రాన్‌మెరైన్ సంస్థ చేసిన ‘వేస్ట్‌షార్క్’ ఈ తరహాలో బాగా తెలిసిన పడవ. ఒకటిన్నర మీటర్లకు కొంచెం ఎక్కువ పొడవు. రెండు తేలే డొప్పలు, వాటి మధ్య బుట్ట. నోరు తెరుచుకుని నీటితో పాటు ఆహారాన్ని మింగే తిమింగల సొర దీనికి నమూనా. రెండు డొప్పల అమరికకు గట్టి కారణమే ఉంది. ఒంటి పడవ ముక్కు నీటిని చీల్చినప్పుడు లేచే అల ఎదురుగా ఉన్న సీసాను పక్కకు నెట్టేస్తుంది. రెండు డొప్పల మధ్య సందు ఉంటే నీరు సూటిగా లోపలికి వస్తుంది, సీసా దాంతోపాటే వస్తుంది. అయినా వేగం పెంచితే బుట్ట ముందు నీరు గుట్టకట్టి మళ్లీ అదే కథ. మరీ తగ్గిస్తే పసిఫిక్‌లో జరిగినట్టు లోపలున్నది జారుకుంటుంది. సెకనుకు అర మీటరు నుంచి మీటరు దాకా, మనిషి తాపీగా నడిచే వేగం, ఈ పనికి సరిపోతుంది.

వేగం తగ్గితే కరెంటు కూడా కలిసొస్తుంది. నీటి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఖర్చు ఎనిమిది రెట్లు. మన ఎండలో చదరపు మీటరు సౌరఫలక మంచి రోజున సుమారు ఒక యూనిట్ కరెంటు ఇస్తుంది. రెండు చదరపు మీటర్ల ఫలక మోసే పడవకు రోజుకు రెండు యూనిట్లు, అంటే 250 వాట్ల మోటారు 8 గంటలు నడవడానికి సరిపడా. ఉప్పు తెర కట్టినా, కొంగలు వాలి రెట్ట వేసినా ఆ లెక్క తగ్గుతుంది. బుట్ట నిండేకొద్దీ నీటి ఒరిపిడి పెరుగుతుంది. ఎదురుగాలికి తిరిగి రావాల్సిన కరెంటు ముందే పక్కన పెట్టుకోవాలి. పడవకు నేర్పాల్సిన మొదటి బుద్ధి ఇదే, ఎప్పుడు వెనక్కి తిరగాలో తెలియడం.

బుట్ట జాలీ కన్ను మరీ చిన్నదైతే నాచు పట్టి మూసుకుపోతుంది, పెద్దదైతే మూతలూ గుట్కా రేకులూ జారిపోతాయి. మన నీళ్లలో అన్నిటికన్నా పెద్ద శత్రువు గుర్రపుడెక్క. దాని వేళ్లు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే పడవ అక్కడికక్కడే ఆగిపోతుంది. దారం ముక్క, చీర పీలిక చుట్టుకున్నా అంతే. ప్రొపెల్లర్ చుట్టూ పంజరం కట్టడం, మోటారు లాగే కరెంటు ఉన్నట్టుండి పెరిగితే వెనక్కి తిప్పి విదిలించడం లాంటివి ఇక్కడ అలంకారాలు కావు, ప్రాణం.

కెమెరా గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను కొంచెమే చెబుతాను. నీటి మీద ఎండ తళుకు, నురగ, మబ్బుల నీడ అన్నీ చెత్తలాగే కనిపిస్తాయి. తెల్లని సీసా సగం మునిగితే కనిపించనే కనిపించదు. వేల ఫొటోలు చూపించి కంప్యూటర్‌కి నేర్పుతున్నారు, ఫలితాలు మెరుగవుతున్నాయి. హాంకాంగ్‌లో చదువుకున్న సిద్ధాంత్ గుప్తా, ఉత్కర్ష్ గోయల్ మొదలుపెట్టిన ‘క్లియర్‌బాట్’ పడవలు ఈ దారిలోనే నడుస్తున్నాయి. కానీ మన తీరంలో కెమెరాకు ఇంకో పరీక్ష ఉంది. మత్స్యకారులు వలలకు థర్మాకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు బెండ్లుగా కడతారు. నీటి మీద తేలే డబ్బా చెత్తా, వల గుర్తా? తేడా తెలియని పడవ డబ్బాను మింగి, వలను తెంపి, తానూ చిక్కుకుంటుంది. నష్టం ఒక కుటుంబం కూటి మీద పడుతుంది. అందుకే వేట సాగే నీటిలోకి ఇలాంటి పడవను వదిలే ముందు ఆ ఊరి సరంగులను కూర్చోబెట్టి, ఎక్కడికి రాకూడదో పటం మీద వాళ్ల చేతే గీత గీయించాలి. 1972 నాటి అంతర్జాతీయ ఓడల నియమాలు ప్రతి నౌకా చూపుతో, వినికిడితో నిరంతరం కనిపెట్టుకుని ఉండాలంటాయి. ఇంజన్ మీద నడిచేది వేటలో ఉన్న పడవకు దారి ఇవ్వాలంటాయి. మనిషి లేని పడవకు ఇందులో మినహాయింపు ఇవ్వడం న్యాయం కాదు.

చెత్త పోగయ్యే చారల్లోనే జీవులు కూడా పోగవుతాయి. నీలి గుండీల్లా తేలే పోర్పిటాలు, జెల్లీ చేపలు, చేపపిల్లలు ఆ గీతల్లోనే ఉంటాయి. శీతకాలం చివర గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఊపిరి కోసం పైకి తేలుతుంటాయి. నెమ్మదిగా పోయే పడవ నుంచి తాబేలు తప్పుకోగలదు, జెల్లీ చేప తప్పుకోలేదు. బుట్టలో ప్లాస్టిక్‌తో పాటు ఏమేం వచ్చిందో రోజూ చూసి రాయకపోతే మేలు చేస్తున్నామో కీడు చేస్తున్నామో తెలియదు.

బుట్ట పరిమాణం దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. వేస్ట్‌షార్క్ తొలి నమూనాల బుట్ట 160 లీటర్లు. లీటరు సీసాలు, మధ్య ఖాళీలు పోను, వంద పడతాయనుకుందాం. ఖాళీ సీసా పాతిక ముప్ఫై గ్రాములు. అంటే బుట్ట నిండా కలిపి మూడు కిలోలు! బరువు మోయగల శక్తి ఎంతున్నా చోటు ముందే నిండుతుంది. ఇక పడవ ఒడ్డుకూ చెత్తకూ మధ్య తిరగడంతోనే పొద్దు గడుస్తుంది. ది ఓషన్ క్లీనప్ వాళ్లు 2019లో చూపించిన ‘ఇంటర్‌సెప్టర్’ ఈ చిక్కుకు తిరగేసిన జవాబు. అది నదిలో కట్టేసిన సౌరశక్తి బార్జి. తేలే అడ్డు చెత్తను దాని నోటికి మళ్లిస్తుంది, కన్వేయర్ బెల్టు పైకెక్కిస్తుంది, ఆరు పెట్టెల్లో సమంగా నిండేలా కంప్యూటర్ చూసుకుంటుంది. అమెరికాలో బాల్టిమోర్ రేవులో 2014 నుంచి పనిచేస్తున్న ‘మిస్టర్ ట్రాష్ వీల్’ ఇంకా సాదా. జోన్స్ ఫాల్స్ వాగు నీటి ఉరవడే దాని చక్రాన్ని తిప్పుతుంది. ఉరవడి తగ్గినప్పుడు సౌరశక్తితో పంపు నడిపి చక్రం మీద నీళ్లు పోస్తారు. ఈ రెండూ కదలవు. అయినా వాగు మొగ దగ్గర ఏ తిరిగే పడవ కన్నా ఇవే ఎక్కువ తీస్తాయి. అడ్డు కట్టలేని రేవు మూలలు, ఓడలు ఆగే గట్ల పక్కలు, చెరువు అంచులు మాత్రం తిరిగే పడవకే అందుతాయి. ఆ చోట్లకు దాన్ని మించింది లేదు.

మన రెండు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలాంటి పడవను ప్రాజెక్టుగా ఎంచుకునేవాళ్లకు నాదొక విన్నపం. కెమెరా కొనే ముందు ఒక కాటా కొనండి. మీకు దగ్గర్లోని గెడ్డో, వాగో, మురుగు కాలువో నీటిలో కలిసే చోటుకి వరసగా కొన్ని రోజులు వెళ్లండి. సముద్రం ఒడ్డయితే పోటు వేళా పాటు వేళా రెండుసార్లూ వెళ్లండి. ఏం కొట్టుకొచ్చిందో వేరుచేసి, తూచి, గాలి ఎటు ఉందో పక్కనే రాసుకోండి. అక్కడ వల వేసేవాళ్లను అడగండి. ఎత్తిన చెత్తను ఎక్కడికి పంపుతారో మున్సిపాలిటీ వాళ్లను అడగండి. పడవ గీతలు గీయడం ఆ తర్వాత మొదలుపెట్టండి.