శంషాబాద్ నుంచి షికాగో ఏ దిక్కున?

మీ బడిలో గోడకు వేలాడే ప్రపంచ పటం చూడండి. అమెరికాలోని షికాగో మనకు ఏ దిక్కున ఉంది? "పడమట" అంటారు మీరు. కాని శంషాబాద్ విమానాశ్రయం నుంచి దగ్గరి దారిన అక్కడికి పోవాలంటే విమానం ఇంచుమించు ఉత్తరానికే తిరగాలి! ఎందుకో లెక్కవేసి చూద్దాం.

శంషాబాద్ ఉత్తర అక్షాంశం 17.2 డిగ్రీలు. అంటే భూకేంద్రం దగ్గర, భూమధ్యరేఖకూ శంషాబాద్‌కూ మధ్య ఏర్పడే కోణం అంత అన్నమాట. భూమధ్యరేఖ నుంచి ఉత్తర ధ్రువానికి 90 డిగ్రీలు. కనుక శంషాబాద్ నుంచి ధ్రువానికి 90 – 17.2 = 72.8 డిగ్రీలు. షికాగో అక్షాంశం 42. అక్కడి నుంచి ధ్రువానికి 48 డిగ్రీలు.

ఇక రేఖాంశాలు. మనది తూర్పు 78.4, షికాగోది పడమర 87.9. కలిపితే 166.3. ఇది 180 అయితే రెండు ఊళ్లూ ధ్రువానికి సరిగ్గా చెరొక వైపున ఉండేవి. ఇప్పుడూ దాదాపు అంతే. కాబట్టి ధ్రువం మీదుగా పోతే 72.8 + 48 = 120.8 డిగ్రీలు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. దాన్ని 360తో భాగిస్తే డిగ్రీకి 111. అంటే దూరం సుమారు 13,400 కిలోమీటర్లు.

పెద్ద తరగతుల్లో నేర్చుకునే త్రికోణమితితో కచ్చితంగా గుణిస్తే కోణం 119.5 డిగ్రీలు, దూరం సుమారు 13,300 కిలోమీటర్లు వస్తాయి. బయలుదేరే దిశ ఉత్తరానికి పడమరగా 12 డిగ్రీలు మాత్రమే!

మరి పటం ఎందుకు మోసగించింది? బత్తాయి తొక్కను చిరగకుండా బల్లమీద పరచగలరా? గుండ్రని భూమి కూడా అంతే. మెర్కేటర్ పటంలో, ధ్రువం దగ్గరి చిన్న అక్షాంశ వృత్తాలు సైతం భూమధ్యరేఖంత పొడవుగా సాగిపోతాయి. ఆ పటంపై గీసిన సరళరేఖ వెంట పోతే షికాగోకు సుమారు 16,000 కిలోమీటర్లు. దాదాపు మూడు గంటల ప్రయాణం, దానికి సరిపడా ఇంధనం అదనం! 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానం మొదలుపెట్టింది. అంత దూరపు ప్రయాణంలో ప్రతి డిగ్రీకీ విలువ ఉంటుంది. గాలులను బట్టి, దేశాల అనుమతులను బట్టి విమానాలు కొంత పక్కకు జరిగినా, లెక్క మొదలయ్యేది ఈ కోణంతోనే.

గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారం బిగించి లాగండి. అది ధ్రువం పక్కకు జారుకుంటుంది.

ఇప్పుడు మీ వంతు. డాలస్ అక్షాంశం ఉత్తర 32.9, రేఖాంశం పడమర 97. శంషాబాద్ నుంచి ఎంత దూరం? 14,400కు దగ్గరగా వస్తే మీ లెక్క సరైనదే!