పిపీలికా ధర్మము



ఆలయ మండపంలో కూర్చున్న వేళ భక్తులు నన్ను అడిగే సందేహాలలో ఒకటి మాటిమాటికీ వస్తుంటుంది. “పంతులుగారూ, మేడారం నుండి తెచ్చిన బంగారానికి చీమలు పట్టినవి. దోషమేమైనా ఉన్నదా?” అని. దూరప్రాంతాల యాత్రికుల కొరకు ఒక మాట చెప్పాలి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని మా వైపు బంగారమంటారు. రెండేండ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమి వేళ జరిగే ఆ జాతరలో తమ బరువుకు సమానమైన బెల్లాన్ని తూచి నిలువెత్తు బంగారంగా సమర్పించే మొక్కు ఉన్నది. ఆ ప్రసాదం ఓరుగల్లులో ఇంటింటికీ చేరుతుంది. దాని వాసన పట్టుకొని చీమలూ చేరుతాయి.

ఆ ప్రశ్నకు సమాధానం చివర చెప్పుతాను. అంతకుముందు ఆ వచ్చిన అతిథి ఎవరో తెలిసికోవడం న్యాయం. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదని మనమంటాము. ప్రాణికోటి అంతటినీ చెప్పదలచినప్పుడు బ్రహ్మ మొదలు పిపీలిక వరకు అంటాము. మాటల్లో ఇంతగా వాడుకొనే ఆ ప్రాణి బ్రతుకును తేరిపార చూచేవారు అరుదు. నేనును చాలాకాలం చూడలేదు.

సన్నని నడుము

సంస్కృతంలో చీమకు పిపీలిక అని పేరు. యాస్కులవారు నిరుక్తంలో ఈ శబ్దాన్ని గమనార్థకమైన ధాతువు నుండి సాధించారు. ఎల్లప్పుడూ నడిచేది కనుక పిపీలిక. వేదచ్ఛందస్సులలో మొదటి, చివరి పాదాలు పొడవుగా ఉండి నడిమి పాదం పొట్టిగా ఉన్నదానికి పిపీలికమధ్య అని సంజ్ఞ. చీమ నడుము సన్నమని గమనించినవారే ఆ పేరు పెట్టగలరు.

ఆ నడుములోనే చీమ జీవితరహస్యం ఉన్నది. చీమ దేహం శిరస్సు, వక్షం, ఉదరం అని మూడు భాగాలు. ఆరు కాళ్ళూ వక్షానికే ఉంటాయి. వక్షానికీ ఉదరానికీ నడుమ దారమంత సన్నని భాగంలో ఒకటో రెండో కణుపులుంటాయి. ఆ ఇరుకు దారిలో ఘనాహారం పోజాలదు. కాబట్టి పెరిగిన చీమ ద్రవమే మింగగలదు. బియ్యపు నూకను తలకెత్తుకొని పరుగెత్తే చీమ ఆ నూకను తాను తినలేదు. అది ఇంటికి మోసుకుపోయేది బిడ్డల కొరకు. చాలా జాతులలో ఘనాహారాన్ని జీర్ణం చేసుకోగలిగినవి లోపల ఉన్న పిల్లపురుగులే. అవి జీర్ణం చేసి ఇచ్చిన ద్రవం తిరిగి పెద్దలకు ఆహారమవుతుంది. బిడ్డ తల్లికి అన్నం పెట్టే సంసారమది.

ఇంకొక విశేషం. చీమ ఉదరంలో రెండు కోశాలున్నాయి. వెనుకనున్నది దాని సొంత జీర్ణకోశం. ముందున్నది ఊరుమ్మడి సంచి. బెల్లపు పాకం త్రాగిన చీమ దానిని ఈ ముందు సంచిలో నింపుకొని పోతుంది. దారిలో ఎదురైన చీమ స్పర్శశృంగాలతో, అనగా తలమీది మీసాలతో, తట్టి అడిగితే నోటి నుండి నోటికి ఒక బిందువు అందిస్తుంది. రెండు సంచుల నడుమ ఒక చిన్న కవాటం ఉన్నది. ఆ కవాటం తెరచుకొని వెనుకకు పోయినంత మేరకే తన భాగం. తక్కినదంతా పరులది. దానం చేయుమని మనము పురాణప్రవచనాలలో చెప్పుతూ ఉంటాము. చీమకు ఆ ఏర్పాటు దేహంలోనే ఉన్నది.

వరుసలో నడిచే పెద్దలు

హనుమకొండ వేయిస్తంభాల గుడి క్రీ. శ. 1163 నాటిది. ఆ రాతిమెట్ల సందుల వెంట సాగే చీమలబారును ఒక పావుగంట చూడండి. ముందు నడచి ఆజ్ఞాపించే నాయకుడు కానరాడు. ఆహారం వెదుకబోయిన చీమకు బెల్లపు తునక కనబడితే, తిరిగి వచ్చేటప్పుడు ఉదరపు కొనను నేలకు తాకిస్తూ ఒక గంధద్రవ్యాన్ని చుక్కలుగా విడుస్తుంది. శాస్త్రజ్ఞులు దానిని ఫెరోమోన్ అంటారు. ఆ వాసన పట్టి వెళ్ళినవాటికి ఆహారం దొరికితే అవి కూడా తమవంతు గంధం చేరుస్తాయి. దగ్గరి దారిలో రాకపోకలు త్వరగా జరుగుతాయి కనుక దానికి గంధం ఎక్కువ పడుతుంది, దూరపు దారి తానే మరుగున పడుతుంది. బెల్లం అయిపోయిన పిమ్మట ఎవరూ గంధం చేర్చరు, ఉన్నది ఆవిరైపోతుంది, బారు కరిగిపోతుంది. తడివేలితో ఆ బాటను ఒకచోట తుడిచి చూడండి. చీమలు అక్కడ నిలిచి తడుముకుంటాయి, కొంతసేపటికి మరల దారి కలుపుకుంటాయి.

ఈ బారులో ఉన్నవన్నీ ఆడచీమలే. మగచీమలు రెక్కలతో పుడతాయి, వానాకాలపు సాయంకాలం ఎగిరి రాణులతో కలిసిన పిమ్మట అచిరకాలంలో మరణిస్తాయి. రాణి నేలకు దిగి తన రెక్కలను తానే విరుచుకొని, మట్టిలో చిన్న గది తొలిచి గుడ్లు పెడుతుంది. చాలా జాతులలో తొలికాన్పు బిడ్డలు పెరిగేవరకు ఆమె ఆహారం ముట్టదు. ఇక ఎగురనక్కరలేని రెక్కల కండరాలు కరిగి ఆమెకూ బిడ్డలకూ పోషణ అవుతాయి. ఒక్కనాటి కలయికలో పొందిన బీజాన్ని జీవితాంతం దేహంలో భద్రపరచుకుంటుంది. బీజం కలిసిన గుడ్డు ఆడచీమ, కలియనిది మగచీమ. కాబట్టి మగచీమకు తల్లి ఉన్నది, తండ్రి లేడు. ఐరోపాలోని ఒక నల్లచీమ జాతి రాణి పరిశోధకుల సంరక్షణలో 28 సంవత్సరాలకు పైగా జీవించింది. రాణి అని పేరే కాని ఆమె ఎవరినీ శాసించదు. గుడ్లు పెట్టడం ఆమె పని.

పనిచీమలలో వయోధర్మం ఒకటి ఉన్నది. పిన్నవయసు చీమలు లోపలనే ఉండి గుడ్లనూ పిల్లలనూ సాకుతాయి. వయసు మీరిన పిమ్మట బయటికి వచ్చి ఆహారం వెదుకుతాయి. బయట పక్షులు, సాలీళ్ళు, మన పాదాలు, ఎన్నో గండాలున్నాయి. జీవితంలో మిగిలిన కాలం తక్కువైనవారే ఆ గండానికి ముందుకు వస్తున్నారు. మనకు గడపలో కనబడే ప్రతి చీమా ఆ ఇంటి పెద్ద. డెబ్బది దాటిన నాకు ఈ సంగతి తెలిసిన నాటి నుండి చీమలబారును దాటేటప్పుడు పాదం తడబడుతున్నది.

వాన రాబోతున్నదంటే చీమలు గుడ్లు మోసుకుపోతాయని మన రైతులంటారు. వరాహమిహిరాచార్యులు బృహత్సంహితలో సద్యోవర్ష లక్షణాలు చెప్పుతూ దీనిని కూడా పేర్కొన్నారు. అవి మోసే తెల్లని గింజలలో చాలావరకు గుడ్లు కావు, పిల్లపురుగులు, గూటిలో నిద్రిస్తున్న శిశువులు. గుడ్డు, పురుగు, ప్యూపా, చీమ అని సీతాకోకచిలుకకు వలెనే దీనికీ నాలుగు దశలు.

కుట్టే సంగతి కూడా చెప్పాలి. కొన్ని చీమలు దవడలతో కరచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. కొన్నింటికి ఉదరపు కొనను ముల్లున్నది. ఆ ముల్లు గుడ్లు పెట్టే అవయవం మారి ఏర్పడినది, అందుచేత మగచీమ కుట్టలేదు. మామిడితోటలలో ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమలను మీరెరుగుదురు. కొన్ని చీమలు ఆకుల అంచులు దగ్గరకు లాగి పట్టుకుంటే, మరికొన్ని తమ పిల్లపురుగులను నోట పట్టి, వాటి నుండి వచ్చే పట్టుదారంతో ఆకులను అతుకుతాయి.

చీమలన్నీ మనకు మేలే చేస్తాయని నేననను. పైరును పీల్చే పేనుబంకను, అది విడిచే తీపిరసం కొరకు, ఆవులమందను వలె కాచేది చీమలే. ఆ సంగతి పత్తిరైతును అడిగితే చెప్పుతాడు. అయితే నేలను గుల్లచేసి గాలి, నీరు దిగనిచ్చేవి, చచ్చిన పురుగులను ఎత్తివేసేవి, చెదలను వేటాడేవి కూడా అవే. లోకంలో గుర్తించిన చీమజాతులు 14,000కు పైగా ఉన్నాయి. మన భారతదేశంలోనే 800కు పైగా ఉన్నాయి.

పుట్ట ఎవరిది?

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. వాల్మీకి మహర్షి కథ చెప్పేటప్పుడు చీమలు ఆయన చుట్టూ పుట్ట పెట్టినవని ఎన్నో ఏండ్లు ప్రవచనాలలో చెప్పాను. ఒకనాడు సభ ముగిసిన పిమ్మట విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడొకరు దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, పుట్టలు పెట్టేది చీమలు కావండీ, చెదలు” అని వినయంగా చెప్పారు. ఇంటికి వెళ్ళి గ్రంథాలు తిరగవేశాను. సిగ్గనిపించింది. వేదభాషలోనే ఆ భేదం ఉన్నది. చీమ పిపీలిక, చెదపురుగు వమ్రి, ఉపదీక. వల్మీక శబ్దం వమ్రికి చుట్టము. శతపథ బ్రాహ్మణంలో ప్రవర్గ్య ప్రకరణంలో విష్ణువు తల ఆన్చిన వింటి నారిని కొరికినవి వమ్రులే. ఎడారిలోనైనా త్రవ్విన చోట నీరు దొరికేటట్లు దేవతలు వాటికి వరమిచ్చినట్లు ఆ కథ. బృహత్సంహితలో భూగర్భజలాన్ని చెప్పే అధ్యాయం పుట్టలను నీటికి గుర్తుగా చెప్పినది.

చీమకు తేనెటీగ, కందిరీగ బంధువులు. చెదకు బొద్దింక బంధువు. చెదలలో రాణితోపాటు రాజు కూడా ఉండి కలిసి జీవిస్తారు, పనివారిలో ఆడ, మగ ఇరువురూ ఉంటారు. తొలకరి వానకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్ళు రెక్కలు వచ్చిన చెదలే. మన చెల్కనేలల గట్లమీద ఉన్న పెద్దపుట్టలలో చెదలు ఒక శిలీంధ్రాన్ని సాగుచేసి తింటాయి. ఆ తోటల నుండే వానలకు గొడుగులు పైకి మొలుస్తాయి. పుట్టగొడుగు అనే తెలుగుమాటలో ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది. నా తాళపత్రాలను తినివేసినవి చెదలే. ఆ నేరాన్ని చాలాకాలం చీమల మీద వేశాను.

నాగులపంచమికి, నాగులచవితికి పుట్టను పూజించే తల్లులకు ఒక విన్నపం. ఆ పుట్ట చెదలు కట్టిన ఇల్లు. అవి విడిచిన బొరియలలో పాములు, చీమలు, తొండలు తలదాచుకుంటాయి. పాలు పామునకు ఆహారం కాదు. బొరియలో కడవల కొలది పాలు పోస్తే లోపలి ప్రాణులకు ముంపు తప్ప మరేమీ కాదు. పుట్టపాదం వద్ద ఒక ఉద్ధరిణెడు పాలు చిలికి నమస్కరిస్తే భక్తికి లోటుండదు.

గృహస్థు ధర్మం

బ్రహ్మయజ్ఞం, దేవయజ్ఞం, పితృయజ్ఞం, మనుష్యయజ్ఞం, భూతయజ్ఞం అని గృహస్థునకు నిత్యం చేయవలసిన యజ్ఞాలు అయిదు. భూతయజ్ఞంలో కాకులకు, క్రిములకు నేలమీద అన్నం పెట్టాలని మనుస్మృతి చెప్పినది. విష్ణుపురాణంలో తృతీయాంశం పిపీలికలను, కీటకాలను, పతంగాలను పేర్కొని, ఆకలిగొన్న వాటికి ఈ అన్నం చెందుగాక అని ప్రార్థించమన్నది. ఆ యజ్ఞాన్ని మంత్రం ఎరుగని మన తల్లులు ప్రతి ఉదయం వాకిట చేశారు. బియ్యపుపిండి ముగ్గు అదే. తెల్లవారి వేసినది పొద్దెక్కేవేళకు చీమల పాలయ్యేది. మా అమ్మగారు చెరిగిన ముగ్గును చూచి, “తిన్నాయి” అని తృప్తిగా అనేవారు.

ఇప్పుడు వాకిట రాతిముగ్గు వచ్చినది. చీమకు అందులో తినదగినది లేదు. నేను యాభై ఏండ్లు వైశ్వదేవంలో చీమల పేరు చెప్పి బలి పెట్టాను. అదే ఇంట వంటగది గడప మీద చీమల మందు సుద్దతో గీత కూడా గీశాను. ఆ సుద్దలో ఉన్నది నాడీమండలాన్ని చెరచే విషం. పసిపిల్లలు పలకబలపమనుకొని నోట పెట్టుకొనే ప్రమాదమున్నది. తీపిలో కలిపి పెట్టే మందు మరొక రకం. దానిని చీమ ముందు సంచిలో నింపుకొని పోయి, అలవాటు చొప్పున అందరికీ పంచుతుంది. పంచిపెట్టే గుణం వల్లనే ఆ కుటుంబమంతా నశిస్తుంది. ఉదయం అన్నం పెట్టిన చేయి సాయంకాలం విషం గీసినదని తెలిసికొన్న రోజున ఆ సుద్దముక్క పారవేశాను.

ఇక మొదటి ప్రశ్న. వెంట్రుకలు, పురుగులు పడిన అన్నం కూడదని ధర్మశాస్త్రం చెప్పిన మాట నిజమే. కావున నివేదనకు ముందే జాగ్రత్త పడాలి. చీమ తన ధర్మం తాను చేసినది, మూత పెట్టకపోవడం మన లోపం. బెల్లపు గిన్నెను నీరుపోసిన పళ్ళెంలో ఉంచండి. చీమలు పట్టినట్లయితే నీడలో పళ్ళెం మీద పరచి నెమ్మదిగా తట్టండి, పోతాయి. బారు వచ్చిన దారిని తడిగుడ్డతో తుడిస్తే గంధం చెరిగిపోతుంది, చంపనక్కర లేదు. గుడి ప్రాంగణంలో ప్రసాదపు ఆకులు, మెతుకులు చిందరవందరగా వదలి వెళ్ళకండి. అది భూతయజ్ఞం కాదు, అశుభ్రత. చీమలకు పెట్టదలచినవారు ప్రాకారం బయట చెట్టు మొదట పిడికెడు నూకలు చల్లండి.

ఇంటి ముందర వారానికొక్కనాడైనా, శుక్రవారం నాడైనా, బియ్యపుపిండితో ముగ్గు వేయండి. ఆ పిండి ఏ పెద్ద చీమ నెత్తిన ఏ బిడ్డకు చేరుతుందో మనకు కనబడదు. మరునాటికి ముగ్గు చెరిగి ఉంటే చాలు, చేరినట్లే.

స్వస్తి.