గోదావరి గడువు పొడిగించదు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి గోదావరి డెల్టాలో పనుల కాలం మంచి ఊపులో ఉంది. ఈ నేల మీద ప్రభుత్వ పనికి ఏడాదంటే పన్నెండు నెలలు కాదు. వరద తీసి, తుపానుల గండం గడిచాక, అంటే నవంబరు చివరి నుంచి తొలకరి పడే జూన్ దాకానే ఏటిగట్టు మీద మట్టి పోయడం, తూముకు పునాది తవ్వడం, వంతెన స్తంభానికి కాంక్రీటు వేయడం కుదురుతుంది. డెల్టా కాలువలు కట్టేసి పూడిక తీసుకునేది, లాకులు బాగుచేసుకునేది ఏప్రిల్, మే నెలల్లోనే. ఆ ఏడు ఆ రెండు నెలలూ చాలావరకు ఆంక్షల మధ్యే గడిచిపోయాయి. ఆగస్టు మూడో వారంలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 22 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ నీరు సముద్రంలో కలిసేముందు గోదావరి పాయ గౌతమి ఒడ్డున తగిలే చివరి పట్టణం యానాం. మహమ్మారి వేళ నిర్మాణ పనుల ప్రణాళికను ఎలా మార్చుకోవాలన్న ప్రశ్నకు ఢిల్లీ ఉత్తర్వుల్లో కంటే ఈ చిన్న ఊళ్ళోనే మంచి జవాబు దొరుకుతుంది. పనులన్నింటినీ ఒకే గాటన కట్టి ఆపడం, ఒకే గాటన కట్టి మళ్ళీ తెరవడం, అందరికీ ఒకేలా గడువు పెంచడం పైకి న్యాయంగా కనిపిస్తాయి. నిజానికి ఏ పని ఏ దశలో ఆగితే జనానికి ఎంత ముప్పో చూసి, ఆ ముప్పును బట్టి వరుస పెట్టుకోవాలి.

యానాం సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ చీలే చోట ఉన్న ఈ పట్టణం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. శాసనసభలో ఒకే ఒక్క స్థానం. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఒకవైపు కాకినాడ జిల్లా, ఏరు దాటితే కోనసీమ. రాజధాని పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. యానాంలో ఏ పని కట్టాలన్నా సిమెంటు, కంకర, ఊచలు రాష్ట్ర సరిహద్దు దాటి రావాలి. డబ్బు మంజూరు పుదుచ్చేరి నుంచి రావాలి. వరద ధవళేశ్వరం నుంచి వస్తుంది. దానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ కొన్ని సడలింపులు ప్రకటించి, 20వ తేదీ నుంచి అమలు చేసింది. కార్పొరేషన్లు, పురపాలక సంఘాల పరిధి బయట రోడ్లు, నీటిపారుదల పనులు, భవనాలు కట్టుకోవచ్చు. పట్టణాల్లో అయితే కూలీలు పని స్థలంలోనే ఉండి, బయటి నుంచి ఎవరినీ తేనక్కర్లేనప్పుడే పని సాగించవచ్చు. పెద్ద నగరంలో వెయ్యి మందికి షెడ్లు వేసి కట్టించే మెట్రోకు, ఆకాశహర్మ్యానికి ఈ నిబంధన సరిపోతుంది. యానాం లాంటి చోట కాదు. ఇక్కడి చిన్న చిన్న పనులకు మేస్త్రీ, సెంట్రింగ్ పనివాడు, మట్టి కూలీ పొద్దున్నే వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే మనుషులు. వాళ్ళ ఇల్లు సరిహద్దుకు ఇవతల ఉండొచ్చు, అవతలా ఉండొచ్చు. పైగా యానాం మొత్తం పురపాలక సంఘమే. పక్కనే ఉన్న తాళ్ళరేవు మండలం పల్లెల్లో కేంద్రం లెక్కన మొదలుపెట్టగలిగిన పని, హద్దు దాటితే నిషేధం కిందికి వచ్చింది. వైరస్‌కు పల్లె, పట్టణం తేడా కొంత ఉందనుకుందాం. ఒకే నది మీది గట్టుకు ఆ తేడా ఎక్కడుంది?

తర్వాత వచ్చింది గడువు పొడిగింపు. కరోనాను కాంట్రాక్టుల్లోని ఫోర్స్ మెజూర్ (ఎవరి చేతిలోనూ లేని విపత్తు) నిబంధన కిందికి తెచ్చి, 2020 మే నెలలో కేంద్ర ఆర్థికశాఖ మూడు నుంచి ఆరు నెలల దాకా జరిమానా లేకుండా గడువు పెంచవచ్చని చెప్పింది. కాంట్రాక్టరును శిక్షించకూడదన్న ఉద్దేశం మంచిదే, అవసరమైనదే. కానీ జూన్ 15కి పూర్తికావలసిన గట్టు పనికి ఆరు నెలలు కలిపితే డిసెంబరు 15 వస్తుంది. నడిమధ్య జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గోదావరి ఒడ్డున మట్టి పని చేయలేరు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. కాగితం మీద ఆరు నెలలు, పనిలో మూడు నాలుగు వారాలు! ఆ తర్వాత మళ్ళీ గడువు కోరడం, మళ్ళీ ఫైలు కదలడం, ఆ లోపు స్టీలు ధర పెరిగిందని కాంట్రాక్టరు చేతులెత్తేయడం. గడువును నెలల్లో కాకుండా పని చేయగలిగిన రోజుల్లో లెక్కగట్టి ఉంటే, ఏ పనులు ఆ వేసవిలోనే ఎలాగైనా ముగించాలో, ఏవి నిశ్చింతగా వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చో ఏప్రిల్‌లోనే తేలిపోయేది.

సగంలో ఆగిన పని అసలు మొదలుపెట్టని పనికంటే ప్రమాదం. ఇది ఇంజనీర్లకు కొత్త విషయం కాదు, నిధులు పంచే చోట మాత్రం తరచూ మరుగున పడుతుంది. తూము మార్చడానికి గట్టు కోసి వదిలేస్తే వరద రోజు అదే గండి. డ్రెయినుకు తవ్విన గోతిలో ఒక్క వాన పడితే పక్క గోడలు జారి, మళ్ళీ మొదటికి వస్తుంది. స్లాబు పడక బయటే నిలిచిన ఊచలు ఈ ఉప్పుగాలికి తుప్పుపట్టకుండా ఉంటాయా? ఇదే గోదావరి మీద ఎగువన పోలవరం ప్రాజెక్టులో ఏం జరిగిందో చూడండి. 2019, 2020 వరదల్లో, నీటిని మళ్ళించే తాత్కాలిక అడ్డుకట్ట అయిన ఎగువ కాఫర్ డ్యామ్ పూర్తిగా మూయని చోట్ల నుంచి నది దూసుకెళ్ళింది. అడుగున పెద్ద గుంతలు పడి, డ్యామ్ పునాదిలోని డయాఫ్రం వాల్ దెబ్బతింది. తప్పెవరిదన్న వాదన పార్టీల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది. ఆ చిక్కుముడి మహమ్మారికి ముందే పడింది కనుక దాన్ని కరోనా ఖాతాలో రాయడం సరికాదు. నదిలో సగం కట్టి వదిలిన కట్టడానికి వరద ఏం చేస్తుందో మాత్రం అందులో వివాదం లేకుండా కనిపిస్తుంది. 2025 జనవరిలో అక్కడ కొత్త డయాఫ్రం వాల్ పని మొదలుపెట్టాల్సి వచ్చింది.

అన్ని పనులకూ లాక్‌డౌన్ చెరుపే చేయలేదు. హైదరాబాద్‌లో రోడ్లు ఖాళీ అవడంతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల పనులు జోరందుకున్నాయి. 2020 మే నెలలోనే బయోడైవర్సిటీ కూడలి దగ్గర ఒక ఫ్లైఓవర్, ఎల్బీనగర్‌లో ఒక అండర్‌పాస్ తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో బడుల బాగు పథకం నాడు–నేడు తొలి విడత కింద దాదాపు 15,700 బడులు బాగుచేశారు. పిల్లలు లేని బడిలో మరుగుదొడ్లు, గచ్చులు, గోడల పని చేయడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. అక్కడ పెద్ద కాంట్రాక్టరుకు బదులు తల్లిదండ్రుల కమిటీలే పని చేయించడంతో కూలీలు, మేస్త్రీలు చాలాచోట్ల ఊరివాళ్ళే అయ్యారు. ఇక సింగపూర్ మరో దారి తొక్కింది. చాంగి విమానాశ్రయం ఐదో టెర్మినల్‌ను 2020లో రెండేళ్ళపాటు ఆపి, ఆ వ్యవధిలో నమూనానే మార్చుకుంది. రేపు మరో మహమ్మారి వస్తే టెర్మినల్‌ను చిన్న భాగాలుగా విడదీసి నడిపేలా. జనం లేనప్పుడే చేయాల్సినవి, ఆపి మళ్ళీ ఆలోచించాల్సినవి, ఎట్టి పరిస్థితిలోనూ ముగించాల్సినవి వేరువేరని ఇవి చెబుతున్నాయి. యానాంలో బడి మరమ్మతు, బజారు రోడ్డు మొదటి రకం. ఉద్యానవనాలు, సుందరీకరణ రెండో రకం, వాటికి రెండేళ్ళు ఆగినా ఎవరి ఇల్లూ మునగదు. గట్టు, తూము, మురుగు డ్రెయిను, తాగునీటి ట్యాంకు మూడో రకం.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. మనుషులు పోతుంటే మట్టి పనులేమిటి, ప్రతి రూపాయీ ఆస్పత్రికే పెట్టాలి కదా అని. సుందరీకరణ డబ్బుకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. గట్టు విషయంలో మాత్రం లెక్క తలకిందులు. ఏరు పొంగితే లోతట్టు కాలనీల కుటుంబాలను బడుల్లో, కల్యాణ మండపాల్లో పెట్టాలి. మనిషికి మనిషికి ఆరడుగుల దూరం ఉండాలని మైకుల్లో చెబుతూనే ఒక తరగతి గదిలో పది కుటుంబాలను పడుకోబెట్టాలి. మహమ్మారి వేళ వరదను గట్టుకు అవతలే ఆపడం కూడా వ్యాధి నివారణే, ఆ ఖర్చు ఆరోగ్య పద్దులో రాసినా తప్పు లేదు. ఇంజనీర్లు వేరు, ఆస్పత్రి వేరు అన్న గీత కూడా అంత గట్టిది కాదు. 2021 రెండో ఉద్ధృతిలో ఆస్పత్రుల ఆవరణల్లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టాల్సి వచ్చినప్పుడు చాలాచోట్ల వాటి పునాదులు, కట్టడాల పని జాతీయ రహదారుల సంస్థ చేతుల్లో పెట్టారు.

కూలీల ప్రాణాల మాట ఇంతకంటే బరువైనది. సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న వలస కూలీలు రెండు వేలమందికి పైగా 2020 ఏప్రిల్ 29న రోడ్డెక్కారు. జీతాలు ఇవ్వండి, ఇంటికి పంపండి అన్నది వాళ్ళ మాట. రెండు రోజులకు, మే 1న లింగంపల్లి నుంచి హటియాకు దేశంలోనే వలస కూలీలను ఇళ్ళకు చేర్చే తొలి శ్రామిక్ రైలు బయల్దేరింది. కూలీని పని చోటే ఉంచండి అని రాసిన నిబంధన, ఆ కూలీకి ఆ రోజుల్లో కూలి ఎవరిస్తారో, జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్తారో రాయలేదు. డబ్బు లేకనా? నిర్మాణ ఖర్చులో ఒక శాతం చొప్పున వసూలు చేసిన కార్మిక సంక్షేమ సెస్సు సుమారు 52,000 కోట్లు పోగుపడి ఉందని, దాన్ని నమోదైన కార్మికుల ఖాతాల్లో వేయమని మార్చి 24న కేంద్రమే రాష్ట్రాలకు చెప్పింది. నమోదు కాని కూలీ ఆ లెక్కలోకే రాడు. కాబట్టి ముగించి తీరాల్సిన పనుల జాబితాలో ప్రతి పని పక్కనా ఎంతమంది మనుషులు కావాలో, వాళ్ళ బస, భోజనం, కూలి ఎవరి బాధ్యతో అంచనాల్లోనే చేర్చాలి. ఆ ఏర్పాటు కుదరని చోట పని ఆపేయాల్సిందే. ఆపే ముందు గట్టు కోత పూడ్చి, గొయ్యి మూసి, ఊచలకు పూత పూసి భద్రం చేయడానికి పదిరోజుల వ్యవధి, దానికి వేరే చెల్లింపు ఉండాలి. లాక్‌డౌన్‌లా రాత్రి ఎనిమిదికి ప్రకటించి నాలుగు గంటల్లో అన్నీ బంద్ అంటే ఈ వీలు ఉండదు.

డబ్బు క్యాలెండరు కూడా నదితో కలవలేదు. ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధులను కేంద్రం 2020 ఏప్రిల్‌లో రెండేళ్ళకు నిలిపేసింది. జూన్‌లో ఆర్థికశాఖ ఆ ఏడాదికి కొత్త పథకాలు వద్దంది. పుదుచ్చేరి పూర్తి బడ్జెట్ జూలై 20న గానీ సభ ముందుకు రాలేదు; ఒక సభ్యుడికి కరోనా తేలడంతో అదే నెల 25న సభ్యులు ఆరుబయట వేపచెట్టు కింద కూర్చుని సమావేశం జరిపారు. ఆ పట్టుదలను మెచ్చుకోవచ్చు. యానాం గట్టుకు మాత్రం జూలైలో మంజూరయ్యే రూపాయి ఆ ఏటి వరదకు పనికిరాదు. కనీసం ఏటిగట్లకు, డ్రెయిన్లకు ఇచ్చే సొమ్మునైనా నవంబరుకు ముందే చేతికందేలా విడిగా పెట్టడం కష్టమేమీ కాదు.

పనుల వరుస మార్చే అధికారం ఇస్తే అయినవాళ్ళ పనులు పైకి, కానివాళ్ళవి కిందికి పోవా అని అడిగేవారున్నారు. పోతాయి, ఆ వరుసను ఆపద వచ్చాక తలుపులు మూసుకుని కడితే. అందుకే దాన్ని మామూలు ఏడాదిలోనే కట్టి, ఏ పని ఏ దశలో ఆగితే ఏ కాలనీ మునుగుతుందో రాసి, కార్యాలయం గోడకు అంటించాలి. వందేళ్ళకోసారి వచ్చే మహమ్మారి కోసం ఇంత హడావుడా అనుకోనక్కర్లేదు. 1996 నవంబరు 6 తుపాను ఈ తీరాన్నే తాకింది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి యానాంలో కాలనీలు మళ్ళీ నీట మునిగాయి, అప్పుడు లాక్‌డౌన్ లేదు. సరిహద్దు మూసినా, నిధులు ఆగినా, కూలీలు రాకపోయినా ఆ జాబితానే పనికొస్తుంది. దాన్ని అడగాల్సింది వార్డు సభ్యులు. యానాంతో సహా పుదుచ్చేరి పురపాలక సంఘాలకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2006లో. గెలిచినవారి పదవీకాలం 2011లో ముగిసింది. మహమ్మారి ఏడాదిలో ఏ పని ముందు, ఏది వెనక అని యానాం తరఫున అడగడానికి ఎన్నికైన కౌన్సిలరు ఒక్కరూ లేరు. ఎన్నికలు జరిగేదాకా ఆ ప్రశ్న యానాం ఓటర్లే అడగాలి, వచ్చే నవంబరులోగా.